లైను ఎవరి వల్ల తెగింది

ప్రతి నెలా ఒకటో తారీఖున, పొద్దున్న తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా, ఉషారాణి తను చెయ్యని తప్పు ఒకటి ఒప్పుకునేది.

ల్యాప్‌టాప్ తెరిచి ఐడీ కొట్టగానే, పనిలోకి దిగకముందే, ఇంగ్లీషులో ఒక కాగితం తెరమీద అడ్డంగా నిలబడేది. పోయిన నెలలో ఇన్నిసార్లు లైను తెగింది, అవన్నీ నా అజాగ్రత్త వల్లే తెగాయి, వాటికి పూచీ నాదే అని దాని సారాంశం. అడుగున 'ఒప్పుకుంటున్నాను' అని ఒక మీట. ఒప్పుకోను అనడానికి మీట లేదు. నొక్కితే పని, నొక్కకపోతే ఆ రోజుకి ఆమె డ్యూటీకి రానట్టే. పద్నాలుగు నెలల్లో పద్నాలుగుసార్లు నొక్కింది. నొక్కే ముందు ప్రతిసారీ వెనక్కి తిరిగి, గుమ్మంలో ఎవరైనా ఉన్నారేమో చూసుకునేది.

ఈ సంగతి ఎవరితోనూ అనలేదు. భర్త రమణబాబుతో అనడానికి నోరు రాలేదు. ఊళ్ళోని వ్యాపార్ విహార్ బజారులో అతను బుకింగ్ గుమాస్తాగా చేసే ట్రాన్స్‌పోర్టు ఆఫీసు హోలీకి ముందే మూతబడింది. రోజూ స్కూటరేసుకుని పని వెతుక్కోవడానికి పోయి, మధ్యాహ్నానికి ముఖం వేలాడేసుకుని తిరిగొచ్చే మనిషికి ఏమని చెప్తుంది? మామగారు త్రినాథరావుతో అయితే అసలే అనలేదు. ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు గూడ్సు గార్డుగా చేసి రిటైరైనవాడు. కోడలు ఇంట్లో కూర్చునే ఆఫీసు డ్యూటీ చేస్తోందని, తాముండే రైల్వే పేట తోర్వా వీధుల్లో కనిపించినవాళ్ళకల్లా చెప్పుకునేవాడు. ఆ గొప్ప వెనకాల ప్రతి నెలా ఒక తలవంపు ఉందని ఆయనకు తెలియకూడదని ఆమె పంతం.

ఉషారాణి పని మందులు ఇంటికి పంపే ఒక కంపెనీ హెల్ప్‌లైన్‌లో. కంపెనీ ఎక్కడో హైదరాబాదులో. ఫోన్లు చేసేవాళ్ళు విజయనగరం నుంచి నిజామాబాదు దాకా ఎక్కడివాళ్ళైనా కావచ్చు. తెలుగూ హిందీ రెండూ నోటికి వచ్చినందుకే ఆమెను తీసుకున్నారు. చదువంతా హిందీ బడిలోనే సాగి, తెలుగు మాట్లాడటమే గానీ చదవడం అక్షరం అక్షరం కూడబలుక్కునే బాపతు కాబట్టి, చెప్పవలసిన వాక్యాలన్నీ హిందీ అక్షరాల్లో రాసి గోడకు అంటించుకుంది. మొదటి వారంలోనే టీం లీడర్ వేణుగోపాల్ ఆమెను పిలిచి, 'ఏటండి' అనకూడదని, 'ఏమిటండి' అనాలని చెప్పాడు. సరేనంది. మాట మార్చుకోవడం ఆమె చేతిలో పని. మార్చుకుంది. లైను మాత్రం ఆమె చేతిలో లేదు.

ఫోను చేసినవాళ్ళకి ఇంటి చప్పుడు వినపడకూడదని కంపెనీ నిబంధన. కుక్కరు కూత, పిల్లల ఏడుపు, వీధిలో కూరగాయలవాడి కేక, ఏదీ వినపడకూడదు. తోర్వాలో ఇంటి ముందు గదిలో కూర్చుంటే, ఎదురుగా పట్టాల మీద పోయే బొగ్గు బండ్ల హారన్ ఆపడం ఎవరి తరం? పైగా ఆ గదిలో త్రినాథరావు దగ్గరికి రైల్వే కుర్రకారు డిపార్ట్‌మెంటు పరీక్షలకు రూల్స్ చెప్పించుకోవడానికి వస్తూ పోతూ ఉంటారు. అందుకని ఉషారాణి ఇంటికి ఆ చివర, వంటగది దాటాక ఉన్న సామాన్ల గదిలో బియ్యం డ్రమ్ము పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది. కిటికీ లేదు. రెండు మందపాటి గోడలు, ఒక ఇనప బీరువా, ఒక ఫ్రిజ్జు అడ్డం. అవన్నీ దాటి ముందు గదిలోంచి వైఫై ఆమె దాకా రావాలి.

ముందు గదిలో రౌటర్ ఉన్న చోటు ఇంకో కథ.

పోయిన ఏడు వానాకాలంలో ఇంటి కప్పు కారి, మొదటి రౌటర్‌లోకి నీళ్ళు పోయి అది చచ్చింది. కొత్తది వచ్చిన రోజున త్రినాథరావు దానికి తన లైన్ బాక్సులో చోటిచ్చాడు. గార్డులు డ్యూటీకి పోయేటప్పుడు జెండాలూ దీపమూ, ప్రమాదం వస్తే పట్టాల మీద పెట్టి పేల్చే టపాసులూ రూల్ పుస్తకాలూ పెట్టుకునే ఇనప పెట్టె అది. ఇప్పుడు గార్డుల చేతికి చక్రాల బ్యాగులొచ్చాయి, పాత పెట్టెల్ని తీసిపారేశారు. అలా పారేసినవాటిలోంచి అడిగి తెచ్చుకుని, నల్ల రంగు వేయించి, తెల్లటి అక్షరాలతో తన పేరు రాయించుకున్నాడు. ఎండలో వానలో ముప్పై ఒక్క ఏళ్ళు తిరిగినా ఇలాంటి పెట్టెలోకి చుక్క నీరు దిగలేదని, కోడలి ఉద్యోగానికి ఇంతకన్నా భద్రమైన చోటు ఉండదని ఆయన లెక్క. వైర్లకి రెండు కన్నాలు కొట్టించి, రౌటర్‌ని లోపల గుడ్డ మీద పడుకోబెట్టి, మూత వేసి, ఇత్తడి తాళం వేశాడు. తాళంచెవి జంధ్యానికి కట్టుకున్నంత జాగ్రత్తగా మొలతాడుకి కట్టుకున్నాడు. ఆ రోజు ఉషారాణికి నిజంగానే గుండె నిండింది. తనకోసం అంత శ్రద్ధ పెట్టినవాళ్ళు ఆ ఇంట్లో అంతకుముందు లేరు.

జూన్ నుంచి కంపెనీ కొత్త నిబంధన పెట్టింది. నెలలో మూడుసార్లు రెండు నిమిషాలకు మించి లైను తెగితే ఐడీకి తాళం. తాళం తియ్యాలంటే ఇంకో కాగితం ఒప్పుకోవాలి. అందులో అజాగ్రత్త అన్న మాట ఉండదు, 'కావాలనే లైను వదిలేశాను' అని ఉంటుంది. ఖరగ్‌పూర్‌లో ఇలాగే ఒక రైల్వే కుటుంబంలో ఉండే భానుప్రియ, ఉషారాణితోపాటు చేరిన అమ్మాయి, దాన్ని ఒప్పుకుని పనిలోకొచ్చింది. ఐదో రోజున లైను మళ్ళీ తెగింది. ఆ సాయంత్రమే ఆమెను తీసేశారు. కారణం అడిగితే ఆమె ఒప్పుకున్న కాగితమే ఆమెకు చూపించారు. కావాలని చేశానని నువ్వే అన్నావు కదా, ఇంక మాట్లాడటానికేముంది? మర్నాటికి వాట్సాప్ గ్రూపులో ఆ పేరు లేదు. ఆమె ఏమైందని అడగడానికి నలభై మందిలో ఒక్కరికీ ధైర్యం చాలలేదు. ఉషారాణికీ చాలలేదు.

అప్పటి నుంచీ ఆమెను భయం పట్టుకుంది. తెర మూలన ఉండే సిగ్నల్ గీతల్ని చూస్తూనే ఫోన్లు మాట్లాడేది. మూడు గీతలుంటే ఊపిరి ఆడేది. రెండైతే మాటల వేగం పెంచేది. ఒకటైతే అవతలి మనిషి చెప్పేది చెవికి ఎక్కేది కాదు. డ్యూటీలో లేచి పోవలసి వస్తుందని పొద్దున్నుంచీ నీళ్ళు తాగడం మానేసింది. మిక్సీ తిప్పొద్దనేది, బీరువా తలుపు తియ్యొద్దనేది. ఒకరోజు పక్కింటివాళ్ళు మేడ మీద నీళ్ళ ట్యాంకు పెట్టిస్తుంటే, దానివల్ల ఇంకేమవుతుందోనని వణికిపోయింది. స్టూలు జరిపింది, ల్యాప్‌టాప్‌ని బియ్యం డ్రమ్ము మీదికి ఎక్కించింది, దాని వెనకాల స్టీలు పళ్ళెం నిలబెట్టింది. ఎవరో పంపిన వీడియోలో చెప్పారని రౌటర్‌ని రోజుకోసారి ఆపి మళ్ళీ వెయ్యాలనుకుంది. కానీ అది తాళం లోపల ఉంది.

రమణబాబు ఆమె అవస్థ చూడలేక, తెలిసిన కొట్లో అడిగి సిగ్నల్ పెంచే చిన్న డబ్బా ఒకటి తెచ్చాడు. సామాన్ల గదిలో ఆమె పక్కనే ప్లగ్గులో పెట్టాడు. పెట్టీపెట్టగానే గీతలు నాలుగూ నిండాయి. ఆ పూట ఇద్దరూ నవ్వుకుంటూ అన్నం తిన్నారు. మర్నాడు నాలుగు గీతలు నిండుగా ఉండగానే లైను తెగింది. అది ఆమెను ఇంకా భయపెట్టింది. ఇన్నాళ్ళూ గీతల్ని నమ్ముకుంది, ఇప్పుడు అవి కూడా అబద్ధం చెప్తున్నాయి.

అది జులై మూడో తారీఖు. నెలలో మొదటిది.

రెండోది తొమ్మిదిన. పార్వతీపురం నుంచి ఒకావిడ. వాళ్ళమ్మకి డాక్టరు కొత్త బిళ్ళ రాశాడు, పాతదీ కొత్తదీ కలిపి వెయ్యాలా, పాతది మానెయ్యాలా అని ఆవిడ ప్రశ్న. ఇలాంటివి ఉషారాణి చెప్పకూడదు, ఫార్మసిస్టుకి కలపాలి. కలుపుతున్నానమ్మా, లైన్లోనే ఉండండి అని మీట మీద చెయ్యి వేసేలోగా చెవిలో ఏమీ లేదు. ఆరు నిమిషాలు. తిరిగి వచ్చేసరికి ఆవిడ ఇచ్చిన మార్కు తెర మీద ఉంది. ఐదు నక్షత్రాలకి ఒకటి. కింద హిందీ కాదు, ఇంగ్లీషు కాదు, తెలుగులో ఒక వాక్యం. ఉషారాణి దాన్ని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. 'అడుగుతూ ఉంటే పెట్టేసింది'.

ఆ ముసలామె రెండు బిళ్ళలూ వేసుకుందా? ఆ ప్రశ్న మూడు రోజులు ఆమెను అన్నం తిననివ్వలేదు. తిరిగి ఫోను చెయ్యడానికి నంబరు ఆమెకు కనపడదు, కంపెనీ దాచేస్తుంది.

ఆ ఆదివారం శ్వేత వచ్చింది. త్రినాథరావు దగ్గర పనిచేసిన ఒక జూనియర్ కూతురు, రైల్వేలో సిగ్నల్ టెలికాం వైపు టెక్నీషియన్. ఆయన్ని పెదనాన్న అంటుంది. పరీక్ష దగ్గరపడిందని రూల్స్ అడగడానికి వచ్చి, మంచినీళ్ళకని వంటింట్లోకి పోయి, సామాన్ల గదిలో స్టూలునీ స్టీలు పళ్ళేన్నీ గోడ మీద హిందీ అక్షరాల తెలుగునీ చూసింది. ఇదేంటి వదినా అని అడిగింది. ఉషారాణి నవ్వి దాటేద్దామనుకుంది. నవ్వబోతే ఏడుపొచ్చింది.

శ్వేత ఓదార్చలేదు. ఫోను తీసి అందులో సిగ్నల్ కొలిచేదేదో తెరిచి, గది మధ్యలో నిలబడింది. మైనస్ ఎనభై ఎనిమిది. సున్నాకి ఎంత దగ్గరైతే అంత మంచిదని, ఎనభై దాటితే మాట నిలవడం కష్టమని చెప్పింది. సిగ్నల్ పెంచే డబ్బాని చూసి తలూపింది. అది కొత్తగా ఏమీ పుట్టించదు, తనకు అందినదాన్నే మళ్ళీ చెప్తుంది. దానికే సరిగ్గా అందని చోట తెచ్చి పెట్టారు, ఇంక అది ఏం చెప్తుంది? మీకు కనపడే నాలుగు గీతలూ మీకూ ఆ డబ్బాకూ మధ్యవి, డబ్బాకూ రౌటర్‌కీ మధ్య ఏముందో అవి చెప్పవు అంది.

"రౌటర్ ఎక్కడుంది వదినా?"

ఉషారాణి ముందు గదివైపు కళ్ళతో చూపించింది.

"ఆ పెట్టెలోనా? తాళమేసా?"

"నెమ్మదిగా అను. మావయ్య ఇంటారు."

శ్వేతకు అర్థంకానిది అదే. ఇనప పెట్టెలో పెట్టి తాళం వేస్తే సిగ్నల్ ఎలా వస్తుందని నీకెప్పుడూ అనిపించలేదా అని అడిగింది. అనిపించింది. ఫిబ్రవరిలోనే అనిపించింది. గురువారం పొద్దున్న త్రినాథరావు పెట్టె తుడవడానికి మూత తెరిచినప్పుడల్లా గీతలు పెరగడం, మూత వెయ్యగానే పడిపోవడం ఆమె చూసింది. చూసి ఊరుకుంది. అత్తగారు పోయాక ఆయన చేత్తో రోజూ తాకే వస్తువు ఆ పెట్టె ఒకటే. 'మీ పెట్టె వల్లే నా పని పోతోంది' అని ఏ నోటితో అంటుంది? తనకోసం చేసిన పనిని తప్పు పట్టినట్టవుతుందన్న భయం ఒకటి. తన పని ఎంత సన్నటి తాడు మీద ఉందో ఆయనకు తెలిసిపోతుందన్న భయం ఇంకోటి. చెప్పొద్దని ఉషారాణి శ్వేత చెయ్యి పట్టుకుంది.

శ్వేత చెయ్యి విడిపించుకుని ముందు గదిలోకి పోయి, త్రినాథరావు ఎదురుగా కింద కూర్చుంది.

"పెదనాన్నా, ఒకటడగనా. డ్యూటీలో మీ వాకీటాకీ లైన్ బాక్సులోనే పెట్టుకునేవోరు కదా?"

"అందులోనే పెట్టీవోడిని. ఏం?"

"మరి డ్రైవర్‌తో మాటాడాలంటే, పెట్టెలో ఉండగానే మూతేసి తాళమేసి మాటాడీవోరా?"

త్రినాథరావు నవ్వాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. పెట్టె వైపు చూశాడు, సామాన్ల గది వైపు చూశాడు.

"ఏటి, ఇనుం దాన్ని ఆపీస్తాదా?"

"మొత్తం ఆపదు. అందుకే ఇన్నాళ్ళు ఎవరికీ అర్థం కాలేదు. వైర్లకని మీరు కొట్టిన కన్నాల్లోంచి కొంచెం కొంచెం కారుతోంది, బస్, అంతే. మీరు పక్కనే కూర్చుంటారు గనక మీకు సరిపోతోంది. వదిన దాకా చేరేసరికి ప్రాణం ఉండట్లేదు."

ఆయన మొలతాడులోంచి తాళంచెవి తియ్యడానికి చాలాసేపు పట్టింది. వేళ్ళు ముడి విప్పలేకపోయాయి. గుమ్మంలో నిలబడిన ఉషారాణి ఆ వేళ్ళనే చూస్తూ, భూమి చీలితే బావుండుననుకుంది. మూత తెరిచి, రౌటర్‌ని రెండు చేతులతో బయటికి తీసి శ్వేతకు ఇచ్చి, ఆయన కోడలివైపు తిరిగాడు.

"ఏడాది నుంచి ఈ పెట్టె నిన్ను తింతా ఉంటే, ఒక్కసారి సెప్పలేకపోయావేటమ్మా?"

ఆమె ముందుకొచ్చి, ఖాళీ పెట్టెలోని గుడ్డ తీసి మడతపెట్టింది.

ఆ మధ్యాహ్నమంతా పని జరిగింది. రౌటర్‌ని ముందు గదికీ వంటగదికీ మధ్య గుమ్మం పైన, మనిషి తలకన్నా ఎత్తులో, ఇనుమూ అద్దమూ దగ్గర లేనిచోట చిన్న చెక్క బల్ల కొట్టి కూర్చోబెట్టారు. సిగ్నల్ పెంచే డబ్బా సామాన్ల గదిలోంచి వంటగది దాకా వెనక్కి వచ్చింది. సిగ్నల్ బాగా అందేచోట ఉంటేనే అది నలుగురికి పంచగలదని శ్వేత చెప్పింది. ఫోన్లకీ టీవీకీ అది చాలు. డ్యూటీ చేసే ల్యాప్‌టాప్‌కి మాత్రం గాలిని నమ్ముకోవద్దంది. రమణబాబు పొడవాటి నెట్టు వైరు తెచ్చి గుమ్మాల అంచుల వెంట మేకులు కొడుతూ రౌటర్ నుంచి స్టూలు దాకా లాగాడు. కరెంటు పోయినా రౌటర్ రెండు గంటలు బతకడానికి చిన్న బ్యాటరీ ఒకటి తగిలించారు. శ్వేత మళ్ళీ ఫోను పట్టుకుని గదిగదికీ తిరిగింది. సామాన్ల గదిలో మైనస్ అరవై. వైరు మీదైతే ఆ లెక్కే అక్కర్లేదు.

సోమ, మంగళ, బుధవారాలు లైను ఒక్కసారి కూడా తెగలేదు. ఉషారాణి మంచినీళ్ళు తాగింది. అయినా భయం పోలేదు. జులైలో ఇంకా పదిహేను రోజులున్నాయి, ఇంకొక్కసారి తెగితే తాళమే. గీతల బదులు ఇప్పుడు వైరు కొసన మెరిసే పచ్చ దీపాన్ని చూస్తూ కూర్చునేది. అది ఆరిపోయినట్టు నిద్రలో కూడా ఉలిక్కిపడేది.

గురువారం పదకొండూ ఇరవైకి వీధి చివర కాలవ తవ్వే యంత్రం ఫైబర్ తీగను లాగేసింది.

పచ్చ దీపం వెలుగుతూనే ఉంది. రౌటర్ ఉంది, బ్యాటరీ ఉంది, వైరు ఉంది. ఇంట్లో చెయ్యగలిగిందంతా చేసే ఉంది. వీధి మొత్తానికి నెట్టు లేదు. ఉషారాణి బయటికి పరుగెత్తింది. బురదలో తెగిపడిన సన్నటి నల్ల తీగను చూసి, దాన్ని చేత్తో పట్టుకుని కలిపెయ్యాలనిపించి రెండడుగులు వేసింది కూడా. రమణబాబు ఆపాడు. ఫోను నెట్టు మీద ల్యాప్‌టాప్ కలపబోయింది. కంపెనీ తెర ఒప్పుకోలేదు. ఇంటి లైను తప్ప వేరేది వాడకూడదని అదో నిబంధన. వేణుగోపాల్‌కి ఫోను చేసింది. సిస్టమ్‌లో పడిపోయింది, నా చేతిలో ఏం లేదు, రూల్ ప్రకారం పోండి అన్నాడు. అతని గొంతులో కూడా భయం ఉంది. అతనికీ పైన ఎవరో లెక్క చూస్తూ ఉంటారు.

మూడు గంటలకి తీగ అతికించారు. ఐడీ కొట్టింది. తాళం. ఆ కింద కాగితం. 'కావాలనే లైను వదిలేశాను.' అడుగున ఒకటే మీట.

ఆమె మీట మీదికి చెయ్యి పోనివ్వలేదు, వెనక్కీ తీసుకోలేదు. వెనక్కి తిరిగి చూడటం కూడా మరిచిపోయింది. గుమ్మంలో త్రినాథరావు ఉన్నాడు. ఏం రాసుందో చెప్పమన్నాడు. ఆమె చెప్పలేకపోతే రమణబాబు చదివి తెలుగులో చెప్పాడు. ఇలాంటిది ఇదే మొదటిసారా అని ఆయన అడిగాడు. అబద్ధం చెప్పడానికి ఆమెకు ఓపిక లేదు. పద్నాలుగు ఒకటో తారీఖుల సంగతీ చెప్పేసింది.

రమణబాబు ఆమె పక్కన కింద కూలబడ్డాడు. ఈ ఒక్కసారికి నొక్కెయ్ ఉషా, నాకు పని దొరికాక మానేద్దువు గాని అన్నాడు. అతను పిరికివాడు కాదు. ఇంట్లో సంపాదించే చెయ్యి అదొక్కటే మిగిలింది, ఆ చెయ్యి ఎలా పట్టుకోవాలో తెలియక అన్నాడు.

త్రినాథరావు వెంటనే లోపలికి పోయి, పొడవాటి నోటు పుస్తకం ఒకటి తెచ్చాడు. పొద్దున్నపూట ఆయన దాంట్లో ఏదో రాస్తుంటే ఇంట్లో అందరూ రామకోటి అనుకునేవారు. అది గార్డు జర్నల్. డ్యూటీ మానినా అలవాటు మానలేదు. బండి ఆగిన టైము, కదిలిన టైము, కారణం. ముందు గదిలో కూర్చుని, కోడలు ముఖం పాలిపోయి సామాన్ల గదిలోంచి బయటికి పరుగెత్తుకొచ్చిన ప్రతిసారీ ఆయన గడియారం చూసుకుని రాశాడు. '10-42 కోడలు బయటికి వచ్చింది. కరెంటు లేదు. 10-51 లోపలికి వెళ్ళింది. కారణం: కరెంటు.' మొత్తం నలభై ఒకటి. పంతొమ్మిది కరెంటు, ఆరు వీధిలో తీగ. మిగిలిన పదహారింటి ఎదురుగా 'కారణం తెలీదు' అని ఉంది. దాన్ని కొట్టేసి, ఎర్ర సిరాతో, పోయిన ఆదివారం తారీఖు వేసి, పదహారుసార్లూ ఒకటే మాట. 'నా పెట్టె. త్రినాథరావు.'

"బండాగితే ఎవడి వల్లాగిందో రాయాల. సిగ్నలు వల్లయితే సిగ్నలు, ఇంజనయితే ఇంజను. నా వల్లాగితే నా పేరే. కారణం రాయకుండా సంతకం పెట్టమంటే నేను పెట్టలేదమ్మా. సార్జిషీటు ఇత్తామన్నా పెట్టలేదు." ఆయన పుస్తకాన్ని ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఇందులో నీ పేరు ఎక్కడుందో సూపించు. ఉంటే నొక్కీ."

ఉషారాణి పేజీలు తిప్పింది. తెలుగు చదవడానికి ఆమెకు టైము పడుతుంది. ఒక్కో వరసా కూడబలుక్కుంది. కోడలు బయటికి వచ్చింది, కోడలు బయటికి వచ్చింది. తను ఎవరికీ తెలియకుండా దాచుకున్న భయం అంతా నిమిషాలతో సహా అక్కడ రాసి ఉంది. కారణాల వరసలో మాత్రం ఆమె పేరు లేదు.

ఆమె మీట నొక్కలేదు.

ధైర్యం వచ్చి కాదు. నొక్కినా భయమే, నొక్కకపోయినా భయమే. భానుప్రియ నొక్కింది, ఏమైందో తెలుసు. ఆ పేజీలన్నీ ఫోటోలు తీసి, సగం హిందీలో సగం ఇంగ్లీషులో కంపెనీకి రాసింది. నలభై ఒక్కసార్లు తెగింది నిజం, అందులో కరెంటుకి ఇన్ని, వీధికి ఇన్ని, మా ఇంటి ఏర్పాటులో తెలియక చేసిన పొరపాటుకి ఇన్ని, దాన్ని సరిచేసుకున్నాం, కావాలని ఒక్కటీ లేదు, లేనిదాన్ని ఒప్పుకోను. పంపాక జవాబు కోసం తెర ముందే కూర్చుండిపోయింది. ఆ పూట రమణబాబే అన్నం వండాడు.

మర్నాడు ధైర్యం చేసి ఇంకో పని చేసింది. భానుప్రియకు ఫోను చేసింది. నెల రోజుల కిందట చెయ్యవలసిన ఫోను. అప్పుడే అడగకపోవడం తన తప్పేనంది. తరవాత భానుప్రియ తన కాగితాన్నీ, తనలాంటి ఇంకో నలుగురి కాగితాల్నీ పంపింది. శ్వేతను వెంటబెట్టుకుని ఉషారాణి అవన్నీ తీసుకుపోయి కార్మికశాఖ ఆఫీసులో అర్జీ ఇచ్చింది. ముద్ర వేసి తీసుకున్నారు.

ఇప్పటికి ఇరవై రెండు రోజులు. 'మీ విషయం పరిశీలనలో ఉంది' అని కంపెనీ నుంచి ఒక్క వాక్యం వచ్చింది, అంతే. ఐడీకి తాళం అలాగే ఉంది. ఉషారాణి రోజూ తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా స్టూలు మీద కూర్చుంటుంది, కొట్టి చూస్తుంది, లేస్తుంది. ఇంటి నెట్టు ఇప్పుడు ఇంటి నలుమూలలా బ్రహ్మాండంగా వస్తోంది. పని రావడం లేదు.

ఆఫీసు గదినీ, ఆఫీసు కరెంటునీ, ఆఫీసు లైనునీ ఎత్తేసి, వాటి బరువంతా ఒక ఆడమనిషి సామాన్ల గది మీద పెట్టి, అది తొణికినప్పుడల్లా నీదే తప్పని ఒప్పించుకునే పద్ధతి ఇది. మీ ఇంట్లోనో మీ పక్కింట్లోనో ఇలాంటి కాగితం నొక్కుతున్నవాళ్ళు ఉండే ఉంటారు. సిగ్గుతో చెప్పరు. అడగండి. అడిగి, కారణం రాయనిదే ఒప్పుకోవద్దని చెప్పండి, వాళ్ళ తరఫున అర్జీ మీద రెండో సంతకం మీరు పెట్టండి.

అది కుదరనివాళ్ళు ఇంత మాత్రం చెయ్యండి. ఈసారి ఏ హెల్ప్‌లైన్‌తోనైనా మాట్లాడుతుండగా అవతలి గొంతు ఆగిపోతే, కాసేపట్లో మార్కులు వెయ్యమని మీ ఫోనుకి సందేశం వస్తుంది. కోపంతో ఒక్క నక్షత్రం నొక్కకండి. 'లైను తెగింది, మనిషి పెట్టెయ్యలేదు, ఈ మనిషి లెక్కలో దీన్ని వెయ్యకండి' అని రాయండి. ఒక్క నిమిషం పని. ఈ రోజే మొదలుపెట్టండి.